ఆర్గాన్ డేటింగ్‌లో రికాయిల్: మన సీమ రాళ్లను ముందు పెట్టుకుని తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, కడప, కర్నూలు వైపు రాళ్ల మీద ప్రాజెక్టు చేసే ఎమ్మెస్సీ పిల్లలు, కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాళ్లు నన్ను ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్నలివి. కొన్ని ఫోన్లో అడిగారు, కొన్ని ఫీల్డు నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగారు. ఒకే జవాబు పదిసార్లు చెప్పే బదులు ఒకచోట రాసి పెడదామనిపించింది. ప్రశ్నలన్నిటికీ ఒకే పొడవు జవాబు ఉండదు. దేనికి అవసరమో దానికే ఎక్కువ రాశాను.

ఆర్గాన్‌తో రాయి వయసు ఎలా తెలుస్తుంది?

పొటాషియంలో చాలా కొద్ది భాగం, అంటే 0.0117 శాతం, పొటాషియం-40. అది రేడియోధార్మికం. దాని అర్ధాయువు సుమారు 125 కోట్ల ఏళ్లు. అది క్షీణిస్తున్నప్పుడు వందకు సుమారు 89 పరమాణువులు కాల్షియం-40 అవుతాయి, మిగతా 11 ఆర్గాన్-40 అవుతాయి. ఆర్గాన్ వాయువు. కరిగిన శిలాద్రవంలో ఉన్నంతసేపూ అది బయటికి పోతూ ఉంటుంది. ఖనిజం గట్టిపడి చల్లారాక ఇక లోపలే చిక్కుకుంటుంది. ఎంత పొటాషియం ఉంది, ఎంత ఆర్గాన్-40 పోగైంది అని చూస్తే ఎంతకాలం గడిచిందో లెక్క తేలుతుంది.

మరి రాయిని రియాక్టరులో పెట్టడం దేనికి?

పాత పొటాషియం-ఆర్గాన్ పద్ధతిలో ఒక చిక్కుంది. పొటాషియాన్ని ఒక ముక్కలో, ఆర్గాన్‌ను ఇంకో ముక్కలో కొలవాలి. రెండు ముక్కలూ అచ్చంగా ఒకేలా ఉంటాయని నమ్ముకోవాలి. 1966లో మెర్రిహ్యూ, టర్నర్ అనే శాస్త్రవేత్తలు దీనికో దారి చూపించారు. ఖనిజాన్ని రియాక్టరులో వేగవంతమైన న్యూట్రాన్ల కింద పెడితే పొటాషియం-39లో కొంత ఆర్గాన్-39గా మారుతుంది. న్యూట్రాన్ లోపలికి దూరుతుంది, ప్రోటాన్ బయటికి పోతుంది. ప్రకృతిలోని పొటాషియంలో 93 శాతానికి పైగా పొటాషియం-39 కాబట్టి, పుట్టిన ఆర్గాన్-39ని చూసి పొటాషియం ఎంతుందో చెప్పవచ్చు. ఇక రెండు ఆర్గాన్లనూ ఒకే రేణువు నుంచి, పరమాణువులను బరువును బట్టి వేరుచేసి లెక్కపెట్టే ఒకే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో, ఒకే ఊపులో కొలుస్తాం. న్యూట్రాన్ల మోతాదు తెలియడానికి వయసు ముందే తెలిసిన ఖనిజాన్ని పక్కనే పెట్టి పంపుతారు. అమెరికాలోని ఫిష్ కాన్యన్ సానిడిన్ (పొటాషియం ఉన్న ఒక ఫెల్డ్‌స్పార్ ఖనిజం) అలాంటిదే, దాని వయసు సుమారు 2.8 కోట్ల ఏళ్లు.

ఇక్కడొక మాట మనసులో పెట్టుకోండి. ఆర్గాన్-39 పొటాషియానికి ప్రతినిధి. ఆ ప్రతినిధి తన పొటాషియం ఉన్నచోటే కూర్చుంటుందని మనం నమ్ముతున్నాం. కానీ అది అక్కడే కూర్చోదు. ఈ పేజీ అంతా దాని గురించే.

రికాయిల్ అంటే ఏమిటి?

తుపాకి పేలితే గుండు ముందుకు పోతుంది, మడమ భుజాన్ని తంతుంది. అదే సంగతి. న్యూట్రాన్ వచ్చి పొటాషియం కేంద్రకాన్ని గుద్దుతుంది, ప్రోటాన్ ఒకవైపు ఎగురుతుంది, మిగిలిన కేంద్రకం అంటే మన ఆర్గాన్-39 ఇంకోవైపు విసురుగా కదులుతుంది. దాని శక్తి లక్ష ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయిలో ఉంటుంది. స్ఫటికంలో పరమాణువును పట్టి ఉంచే బంధాల బలం కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. ఆ బంధాలు దాన్ని ఆపలేవు. దారిలో ఎన్నో పరమాణువులను గుద్దుకుంటూ శక్తి ఖర్చు చేసుకుని ఎక్కడో ఒకచోట ఆగుతుంది.

ఆర్గాన్-40 కూడా అలాగే ఎగురుతుందా?

ఎగరదు. ఈ తేడా తెలియక చాలామంది గందరగోళపడతారు. పొటాషియం-40 తనంతట తానుగా ఆర్గాన్-40గా మారేటప్పుడు గామా కిరణం ఒకటి వెలువడుతుంది, దాని వల్ల కేంద్రకానికి అందే తోపు సుమారు 29 ఎలక్ట్రాన్ వోల్టులు. లక్ష పక్కన 29! కోట్ల ఏళ్లుగా పోగైన ఆర్గాన్-40 దాదాపు పుట్టిన చోటే ఉంటుంది, రియాక్టరులో కొన్ని గంటల్లో పుట్టిన ఆర్గాన్-39 మాత్రం చోటు మారుతుంది. రెండూ ఒకేలా జరిగుంటే నిష్పత్తి చెడేది కాదు. ఒకటి జరిగి ఇంకోటి జరగకపోవడం వల్లే తంటా.

ఎంత దూరం పోతుంది?

సగటున మైక్రానులో పదో వంతు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 1974లో టర్నర్, కాడొగన్ చంద్రుడి మీది నుంచి తెచ్చిన రాళ్ల గురించి ఆలోచిస్తూ ఈ లెక్క వేశారు. వాళ్లకు వచ్చింది సుమారు 0.08 మైక్రాన్లు. తర్వాతివాళ్ల కొలతలు, లెక్కలు కూడా ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. అన్నీ ఒకే దూరం పోవు. కొన్ని అక్కడే ఆగుతాయి, కొన్ని దానికి రెండు మూడింతలు పోతాయి. దిక్కు కూడా ఇదీ అని ఉండదు.

మైక్రానులో పదో వంతే కదా సార్, దానికి ఇంత టెన్షన్ ఎందుకు?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. చేనితో పోల్చి చెబుతాను. విత్తనాలు చేత్తో చల్లుతున్నారు అనుకోండి. చేను మధ్యలో నిలబడి చల్లినవన్నీ చేనులోనే పడతాయి. గట్టు పక్కన చల్లినప్పుడు కొన్ని పక్కవాడి చేలో పడతాయి. పదెకరాల చేనులో ఆ నష్టం ఎవరికీ కనబడదు. అదే ఇంటి వెనక కొత్తిమీర మడి అయితే? సగం విత్తనం బయటే పడుతుంది. మీ చెయ్యి విసిరే దూరం రెండుచోట్లా ఒకటే. మారింది చేను వెడల్పు.

దీన్నే అంకెల్లో చూద్దాం. ఖనిజాన్ని చదునైన పలక అనుకోండి, అభ్రకం లాగా. ప్రతి ఆర్గాన్-39 పరమాణువూ ఏదో ఒక దిక్కున సరిగ్గా 0.1 మైక్రాను ఎగురుతుందనుకుందాం. అప్పుడు పలక రెండు ముఖాల నుంచి పోయే వాటా ఎంతంటే, ఎగిరే దూరాన్ని పలక మందానికి రెట్టింపుతో భాగిస్తే వచ్చేంత. పలక 100 మైక్రాన్ల మందం ఉంటే పోయేది 0.05 శాతం. 10 మైక్రాన్లుంటే 0.5 శాతం. 1 మైక్రాను ఉంటే 5 శాతం. ఇది మొరటు లెక్కే, కానీ దారి చూపిస్తుంది.

ఇప్పుడు ఆ 5 శాతం వయసుకు ఏం చేస్తుందో చూడండి. అసలు వయసు 6.6 కోట్ల ఏళ్లు అనుకుంటే, ఆర్గాన్-39లో 5 శాతం పోయాక లెక్కలో వచ్చేది 6.94 కోట్లు. దక్కన్ లావాల మీద పనిచేసేవాడికి ముప్పై లక్షల ఏళ్ల పైన తేడా అంటే చిన్న విషయం కాదు, లావా ముందా రాక్షసబల్లులు పోవడం ముందా అన్న వాదన మొత్తం అంతకన్నా చిన్న తేడాల మీదే నడుస్తుంది. మన కడప బేసిన్ లాంటి పాతవాటిలో, అసలు వయసు 189 కోట్లయితే అదే 5 శాతం నష్టంతో 195 కోట్లు వస్తుంది. శాతంలో చూస్తే తేడా కొంచెం తగ్గింది, ఎందుకంటే వయసు లెక్కలో లాగరిథం ఉంది. ఏళ్లలో చూస్తే మాత్రం 6 కోట్లు.

నా రేణువు అర మిల్లీమీటరు ఉంది. అయితే నాకు దిగులు లేనట్టేనా?

ఆగండి. నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. లెక్కలోకి తీసుకోవలసింది మీరు చిమటాతో పట్టుకున్న రేణువు సైజు కాదు, దాని లోపల పొటాషియం ఉన్న పొర మందం.

గ్రానైటులోని నల్ల అభ్రకం, అంటే బయోటైట్, కొంచెం పాడైతే పొరల మధ్యలో క్లోరైట్ పుడుతుంది. క్లోరైట్‌లో పొటాషియం దాదాపు ఉండదు. పైకి చూస్తే మిలమిలలాడే పెద్ద రేకు. లోపల చూస్తే బయోటైట్, క్లోరైట్, మళ్లీ బయోటైట్, పుస్తకంలో పేజీల్లాగా. ఒక్కో పేజీ మందం మైక్రానులో చిన్న భాగం కావచ్చు. అప్పుడు బయోటైట్‌లో పుట్టిన ఆర్గాన్-39 పక్కనున్న క్లోరైట్‌లోకి దూకి కూర్చుంటుంది. రేణువు బయటికి ఒక్క పరమాణువు పోకపోయినా లోపల పంపకం తారుమారవుతుంది.

నేను చదువుకునే రోజుల్లో గుత్తి వైపు గ్రానైటులో బయోటైట్ ఏరాను. పెద్ద పెద్ద రేకులు దొరికాయని సంబరపడ్డాను. అంచుల్లో కొంచెం ఆకుపచ్చగా ఉంది, పట్టించుకోలేదు. రేకును దశలవారీగా వేడి చేస్తూ, ఒక్కో దశలో వదిలిన వాయువుకు ఒక్కో వయసు లెక్కగడతారు. ఫలితం వచ్చాక చూస్తే కొన్ని దశల్లో వయసు ఆ గ్రానైటుకు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ, కొన్నింట్లో తక్కువ, మధ్యలో ఒంటె మూపురంలా ఒక గుట్ట. ఆ గుట్ట మీద చదునుగా కనిపించిన మూడు దశలనే పట్టుకుని ప్లాటో (వరసగా కొన్ని దశల్లో ఒకే వయసు రావడం) వచ్చిందని రాసేశాను. మా గైడు ఆ కాగితం చూసి పలుచని ముక్క ఒకటి కోయించి మైక్రోస్కోపు కింద పెట్టమన్నారు. ఆ పని ముందే చేసుంటే ఏడాది మిగిలేది.

రికాయిల్ ఉంటే వయసు ఎప్పుడూ ఎక్కువే వస్తుందా?

ఆర్గాన్-39 పూర్తిగా బయటికి పోతే ఎక్కువే వస్తుంది. పొటాషియానికి ప్రతినిధి తగ్గింది, ఆర్గాన్-40 అలాగే ఉంది, నిష్పత్తి పెరిగింది. బయటికి పోకుండా లోపలే చోటు మారితే మాత్రం రేణువు మొత్తాన్ని ఒకేసారి కరిగించి కొలిచిన వయసు సరిగానే వస్తుంది. ఎందుకంటే మొత్తం ఎక్కడికీ పోలేదు. దశలవారీగా వేడి చేసినప్పుడే వంకర బయటపడుతుంది, ఆర్గాన్-39ని పోగొట్టుకున్న భాగం ముసలిదిగా, అందుకున్న భాగం పడుచుదిగా కనబడుతుంది. అందుకే రికాయిల్ అనుమానం ఉన్నచోట అందమైన ప్లాటో కన్నా మొత్తం వాయువు వయసును ముందు చూడండి. ఇది అన్నివేళలా పనికొచ్చే సూత్రం కాదు గానీ, ప్లాటో అంటే చాలు కళ్లు మూసుకునే అలవాటుకు విరుగుడు.

దశలవారీగా వేడి చేసిన గ్రాఫులో రికాయిల్‌ను ఎలా గుర్తుపట్టాలి?

సన్నని స్ఫటికాలున్న బసాల్టులో ఒక ఆనవాలు బాగా తెలిసినదే. తక్కువ వేడిలో వయసు ఎక్కువగా మొదలై, వేడి పెరిగేకొద్దీ మెట్లు దిగినట్టు తగ్గుతుంది. కారణం ఇది: బసాల్టులో పొటాషియం ఎక్కువగా స్ఫటికాల సందుల్లోని గాజులోనూ సన్నటి ఫెల్డ్‌స్పార్‌లోనూ ఉంటుంది. ఇవి తక్కువ వేడికే వాయువును వదిలేస్తాయి. అక్కడ పుట్టిన ఆర్గాన్-39లో కొంత పక్కనున్న ఇంకో ఖనిజం పైరాక్సీన్‌లోకి దూకుతుంది. పైరాక్సీన్ బాగా వేడెక్కితే గానీ వదలదు. దాంతో ముందు దశల్లో ఆర్గాన్-39 కొరత, చివరి దశల్లో మిగులు. టర్నర్, కాడొగన్‌కు చంద్రుడి బసాల్టుల్లో ఎదురైన చిక్కు ఇలాంటిదే.

క్లోరైట్ కలిసిన బయోటైట్‌లో గుట్టలు, లోయలు వస్తాయని పైన చెప్పాను. మరి చదునుగా వస్తే రికాయిల్ లేదనుకోవచ్చా? అదీ పూర్తిగా నిజం కాదు. అభ్రకంలో నీరు ఉంది. శూన్యంలో వేడి చేస్తుంటే దాని నిర్మాణమే కూలిపోతుంది, లోపలి వాయువులన్నీ కలగాపులగమై ఒకేసారి బయటికొస్తాయి. అలా వచ్చిన చదును రాయి చరిత్ర గురించి ఏమీ చెప్పదు.

పులివెందుల సిల్లుకు ఫ్లోగొపైట్‌తో చెప్పిన వయసును నమ్మవచ్చా?

నమ్మవచ్చు, ఎందుకు నమ్మవచ్చో చెబుతాను. కడప బేసిన్‌లో తాడిపత్రి ఫార్మేషన్‌లోకి చొచ్చుకొచ్చిన సిల్లు (రాతి పొరల మధ్య పలకలా దూరి గట్టిపడిన శిలాద్రవం) నుంచి ఫ్లోగొపైట్ అభ్రకాన్ని తీసి లేజరుతో ఆర్గాన్ డేటింగ్ చేశారు. 2003లో ప్రచురించిన వయసు సుమారు 189.9 కోట్ల ఏళ్లు, అటూ ఇటూ 2 కోట్లు. తర్వాత 2008లో పులివెందుల సిల్లులోని బాడెలియైట్ అనే ఖనిజం మీద యురేనియం-సీసం పద్ధతిలో 188.54 కోట్లు వచ్చింది, అటూ ఇటూ 31 లక్షలు మాత్రమే. బాడెలియైట్‌కు ఆర్గాన్‌తో సంబంధమే లేదు, రియాక్టరు అవసరమే లేదు, కనుక రికాయిల్ ప్రసక్తే రాదు. రెండు వయసుల మధ్య తేడా కోటీ ముప్పై ఆరు లక్షలు. ఫ్లోగొపైట్ కొలతలోని పొరపాటు హద్దులోనే ఇది ఇమిడిపోయింది.

పైన వేసిన లెక్కను ఇక్కడ పెట్టి చూడండి. 100 మైక్రాన్ల మందం ఉన్న మచ్చలేని అభ్రకంలో రికాయిల్ నష్టం 0.05 శాతం. 189 కోట్ల వయసులో దాని ప్రభావం సుమారు 6 లక్షల ఏళ్లు. రెండు కోట్ల పొరపాటు హద్దు ముందు 6 లక్షలు ఏ మూలకు? అలాంటి అభ్రకం దొరికితే రికాయిల్ గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. మన జిల్లాల్లో చిక్కల్లా అలాంటిది దొరకడమే.

వజ్రకరూరు కింబర్లైట్లు, చెలిమ లాంప్రోయిట్ సంగతి?

కింబర్లైటు, లాంప్రోయిట్ రెండూ భూమి లోతుల నుంచి పైకి వచ్చిన అగ్నిశిలలు, పైపు అంటే అలా వచ్చి గొట్టంలా నిలిచిన రాయి. వజ్రకరూరు పైపులు సుమారు 110 కోట్ల ఏళ్ల నాటివి. పాత కర్నూలు జిల్లా నల్లమలలోని చెలిమ లాంప్రోయిట్ అంతకన్నా పాతది, ఫ్లోగొపైట్ మీద చేసిన ఆర్గాన్ డేటింగ్ ప్రకారం సుమారు 140 కోట్ల ఏళ్లు. రెండుచోట్లా పనికొచ్చే ఖనిజం ఫ్లోగొపైటే. రెండుచోట్లా శత్రువూ ఒకటే, రాయి పాడవడం. కింబర్లైటు పైభాగం మెత్తగా, పసుపుపచ్చ మన్నులా అయిపోయి ఉంటుంది. అందులోని అభ్రకం వెర్మిక్యులైట్‌గానో క్లోరైట్‌గానో మారిపోయి ఉంటుంది. బోరు వేసి తీసిన కోర్ దొరికితే అదృష్టం. పైన ఏరుకున్నదాంట్లో గట్టిగా వంగి తిరిగి నిటారయ్యే రేకులనే తీసుకోండి, వంచితే మెత్తగా వంగి అలాగే ఉండిపోయేదాన్ని వదిలేయండి. ఇది పుస్తకాల పరీక్ష కాకపోవచ్చు, నా వేళ్లకు అలవాటైనది.

వయసు ఎక్కువ వచ్చింది. అది రికాయిలా, ముందే చేరిన అదనపు ఆర్గానా?

కింబర్లైట్ల విషయంలో ఈ ప్రశ్న తప్పదు. లోతు నుంచి వచ్చే శిలాద్రవం తనతో పాటు పాత ఆర్గాన్-40ని మోసుకొస్తుంది, అభ్రకం దాన్ని పట్టుకుంటుంది. ఫలితం రికాయిల్ లాగే, వయసు ఎక్కువ. తేడా కనిపెట్టడానికి నాకు తెలిసిన మంచి దారి సైజులు మార్చి చూడడం. ఒకే రాయి నుంచి ముతక రేణువులు, సన్న రేణువులు వేరుగా కొలవండి. సన్నవాటికి వయసు పెరుగుతూ పోతే రికాయిల్ మీద అనుమానం పెట్టుకోండి. ఇంకో దారి ఐసోక్రాన్, అంటే ఒక్కో దశలోని ఆర్గాన్ నిష్పత్తులను గ్రాఫులో బిందువులుగా పెట్టి వాటి మీదుగా గీసే గీత. గాలిలో ఆర్గాన్-40కి ఆర్గాన్-36కి నిష్పత్తి 298.56, పాత పేపర్లలో 295.5 అని ఉంటుంది. మీ గీత అక్షాన్ని అంతకన్నా బాగా ఎక్కువ దగ్గర తాకుతుంటే అదనపు ఆర్గాన్. బిందువులు గీత మీద నిలవకుండా చెల్లాచెదురైతే రికాయిల్ కావచ్చు, రాయి పాడవడం కావచ్చు. రెండూ కలిసి కూడా ఉండవచ్చు, రాయికి మన సౌకర్యంతో పనేముంది.

ఔకు షేలు, నంద్యాల షేలులోని బంకమట్టి ఖనిజాలను ఈ పద్ధతిలో డేట్ చేయవచ్చా?

ఇక్కడే రికాయిల్ తన ప్రతాపం చూపిస్తుంది. షేలు అంటే బంకమట్టి గట్టిపడి పొరలుగా ఏర్పడిన రాయి. కర్నూలు గ్రూపు షేళ్లలో ఇల్లైట్ అనే బంకమట్టి ఖనిజం ఉంటుంది. అందులో పొటాషియం ఉంది, ఆర్గాన్‌నూ కొంతవరకు పట్టి ఉంచుతుంది. కానీ దాని స్ఫటికం మందం తరచు మైక్రానులో వందో వంతు స్థాయిలో ఉంటుంది. ఆర్గాన్-39 ఎగిరే దూరం దానికి పది రెట్లు. ఇక పైన చెప్పిన పలక లెక్క పనిచేయదు, ఎందుకంటే దాదాపు ప్రతి పరమాణువూ తన ఇల్లు దాటుతుంది. కొన్ని పక్క ఇళ్లలో దిగుతాయి, కొన్ని ఖాళీ సందుల్లోకి పోయి తర్వాత బయటికి జారుకుంటాయి. నష్టం పదుల శాతాల్లో ఉండవచ్చు. ఆ వయసును నేరుగా అచ్చేస్తే చదివినవాళ్లు నవ్వుతారు.

దీనికి కనిపెట్టిన ఉపాయం బాగుంటుంది. బంకమట్టి రేణువులను చిన్న సిలికా గొట్టంలో పెట్టి, గాలంతా తీసేసి, మూతిని కాల్చి మూసేస్తారు. గొట్టంతో సహా రియాక్టరులోకి పంపుతారు. రికాయిల్ వల్ల రేణువుల నుంచి బయటపడిన ఆర్గాన్-39 గొట్టంలోనే ఉంటుంది. తర్వాత ల్యాబ్‌లో ముందు గొట్టాన్ని పగలగొట్టి ఆ వాయువును కొలుస్తారు, ఆ తర్వాత రేణువులను వేడి చేస్తారు. దీంతో రెండు వయసులు చేతికొస్తాయి. అంతా కలిపి లెక్కిస్తే మొత్తం వాయువు వయసు, అది మామూలు పొటాషియం-ఆర్గాన్ వయసుతో సమానం. బయటపడినదాన్ని వదిలేసి రేణువుల్లో నిలిచినదానితోనే లెక్కిస్తే వచ్చేది నిలుపుదల వయసు. స్ఫటికం అంచుల్లో కూర్చున్న ఆర్గాన్-40 కూడా కోట్ల ఏళ్లలో ఎలాగూ జారిపోయి ఉంటుంది కాబట్టి, అంచుల నుంచి పోయిన ఆర్గాన్-39ని కూడా లెక్కలోంచి తీసేయడమే న్యాయం అన్నది 1995లో ముందుకొచ్చిన వాదన. నాకు ఆ వాదన నచ్చుతుంది, అయితే ప్రతి బంకమట్టికీ అది సరిపోతుందని చెప్పను.

ఇంకో తలనొప్పి రికాయిల్‌కు సంబంధం లేనిది. షేలులోని ఇల్లైట్ అంతా అక్కడే పుట్టింది కాదు. పాత కొండల నుంచి కొట్టుకొచ్చిన అభ్రకం పొడి కూడా కలిసి ఉంటుంది. గొట్టం ఎంత బాగా మూసినా ఆ కలగలుపు విడిపోదు.

అయితే పాత పొటాషియం-ఆర్గాన్ పద్ధతే మేలు కదా?

సన్నని బంకమట్టికి కొన్నిసార్లు అవును. రియాక్టరు లేదు కాబట్టి రికాయిల్ లేదు. కొత్తది వచ్చిందని పాతదాన్ని అటక ఎక్కించడం మనకు అలవాటు, ఈ విషయంలో మాత్రం పాతదానికి ఇంకా పనుంది.

గ్లాకొనైట్?

ఈ ఆకుపచ్చ ఖనిజమూ సన్నటి పొరల ముద్దే. ఆకుపచ్చ గుళిక పెద్దగా కనబడినా లోపలి స్ఫటికాలు చిన్నవి. ఇల్లైట్‌కు చెప్పిన జాగ్రత్తలన్నీ దీనికీ వర్తిస్తాయి.

కాల్షియం ఎక్కువున్న ప్లాజియోక్లేజ్‌లో వేరే సమస్య ఉందట, నిజమేనా?

ఉంది. ప్లాజియోక్లేజ్ అంటే కాల్షియం, సోడియం ఉండే ఫెల్డ్‌స్పార్. న్యూట్రాన్లు కాల్షియం-40 నుంచి ఆర్గాన్-37ని పుట్టిస్తాయి. ఈసారి బయటికి పోయేది ప్రోటాన్ కాదు, దానికి నాలుగింతల బరువున్న ఆల్ఫా కణం. గుండు బరువైతే తన్ను కూడా గట్టిదే. ఆర్గాన్-37 అందుకే ఆర్గాన్-39 కన్నా మూడు నాలుగింతలు దూరం పోతుంది. ఈ ఆర్గాన్-37తోనే మనం కాల్షియం నుంచి పుట్టిన దొంగ ఆర్గాన్-36, దొంగ ఆర్గాన్-39 ఎంతో అంచనా వేసి తీసేస్తాం. అది తగ్గిపోతే తీసేయాల్సినంత తీసేయం. మిగిలిపోయిన ఆర్గాన్-36ని గాలి నుంచి వచ్చిందనుకుని ఆ మేరకు ఆర్గాన్-40ని కోసేస్తాం, వయసు తగ్గిపోతుంది. అంటే ఇక్కడ రికాయిల్ రాయిని పడుచుది చేస్తుంది. ఈ ఆర్గాన్-37 అర్ధాయువు 35 రోజులే కనుక, రియాక్టరు నుంచి వచ్చిన నమూనాను నెలల తరబడి బీరువాలో పెట్టినా దాన్ని సరిగా కొలవడం కష్టమవుతుంది. ఆర్గాన్-39కి ఆ బెడద లేదు, దాని అర్ధాయువు 269 ఏళ్లు.

నమూనాకు కాడ్మియం రేకు చుడితే రికాయిల్ ఆగుతుందా?

ఆగదు. కాడ్మియం నెమ్మది న్యూట్రాన్లను తాగేస్తుంది, దానివల్ల పొటాషియం నుంచి దొంగ ఆర్గాన్-40 పుట్టడం తగ్గుతుంది. ఆర్గాన్-39ని పుట్టించేవి వేగవంతమైన న్యూట్రాన్లు, అవి రేకును దాటి వస్తాయి, తన్ను తన్నే వెళ్తాయి.

ఎంత పోయిందో లెక్కగట్టి సరిదిద్దేస్తే పోలేదా?

రేణువుల ఆకారం, సైజు, లోపలి పొరలు అన్నీ తెలిస్తే చేయవచ్చు. ఒకే సైజు సానిడిన్ రేణువులకు అలా చేసినవాళ్లున్నారు. పాడైన బయోటైట్‌కు చేయబోతే మీరు సరిదిద్దిన మొత్తం మీ కొలత కన్నా పెద్ద అనుమానంగా మిగులుతుంది. సరిదిద్దే పనికన్నా మంచి రేణువు వెతికే పని సులువు.

నమూనా తయారీలో ఏం చూసుకోవాలి?

అన్నిటికన్నా ముందు, మిల్లులో పిండి చేయకండి. రాయిని రసాయన విశ్లేషణకు పంపేటప్పుడు ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదని నేర్పుతారు, ఆ అలవాటు ఇక్కడ కొంప ముంచుతుంది. ముతకగా దంచి, జల్లెడ పట్టి, దుమ్మును నీటితో కడిగేసి, ఖనిజం మచ్చలేకుండా విడిపోయే సైజుల్లో పెద్దదాన్ని ఉంచుకోండి. అల్ట్రాసోనిక్ తొట్టిలో కడిగితే అంచులకు అంటుకున్న పొడి పోతుంది, అభ్రకాన్ని మాత్రం అందులో ఎక్కువసేపు ఉంచితే రేకులు విడిపోతాయి. తర్వాత మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటే ఏరాలి. మా అవ్వ బియ్యంలో రాళ్లు ఏరినట్టు, కాకపోతే ఇక్కడ రాళ్లలోంచి రాళ్లు ఏరాలి. దానికి ముందే అదే రాయి నుంచి పలుచని ముక్క చేయించి క్లోరైట్ ఉందేమో చూడండి. వీలైతే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఒక రేకును అడ్డంగా చూడండి. రిపోర్టులో రేణువు సైజు తప్పకుండా రాయండి. అది లేని వయసును తర్వాత చదివేవాడు తూకం వేయలేడు.

మన దేశంలో ఇది ఎక్కడ చేస్తారు?

ఐఐటీ బాంబేలో దీనికోసం జాతీయ స్థాయి ల్యాబ్ ఉంది. న్యూట్రాన్ల కోసం నమూనాలు ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రానికి వెళ్తాయి, 1985లో మొదలైన ధ్రువ రియాక్టరును ఇందుకు వాడారు. పాత శిలలకు, యువ శిలలకు కావలసిన న్యూట్రాన్ల మోతాదు వేరు, కాబట్టి మీ రాయి సుమారు వయసు ముందే చెప్పాలి. రియాక్టరు నుంచి వచ్చాక రేడియోధార్మికత తగ్గేదాకా ఆగాలి. ఈ నెల పంపి వచ్చే నెల థీసిస్ ఇచ్చేద్దామనుకునేవాళ్లు ప్లాను మార్చుకోండి.

కడప బండ, బెలూం గుహల రాయి, మంగంపేట ముగ్గురాయి: వీటికి వయసు చెప్పవచ్చా?

మొదటి రెండూ సున్నపురాయి, మూడోది బేరియం సల్ఫేటు. వీటిలో ప్రధాన ఖనిజాల్లో పొటాషియం లేదు. పొటాషియం లేనిచోట ఆర్గాన్ డేటింగ్ లేదు, రికాయిల్ బాధా లేదు.

తొలకరికి జొన్నగిరి చేలల్లో దొరికే వజ్రానికి?

ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. వజ్రం అంటే కార్బన్, అందులో డేట్ చేయడానికి పొటాషియం లేదు. కానీ కొన్ని వజ్రాల లోపల క్లైనోపైరాక్సీన్ నలుసులు చిక్కుకుని ఉంటాయి, వాటిలో కాస్త పొటాషియం ఉంటుంది, వాటి మీద ఆర్గాన్ డేటింగ్ చేసిన సందర్భాలు ఆఫ్రికా వజ్రాల్లో ఉన్నాయి. అందుకు ముందు నలుసు బయటికి రావాలి. అంటే వజ్రాన్ని పగలగొట్టాలి. పోయినసారి అడిగిన పెద్దాయనకు ఈ మాట చెప్పగానే రాయిని మళ్లీ పంచె కొంగులో ముడేసుకుని, నాకు తర్వాత ప్రశ్న రాకుండానే బస్సు దిగిపోయాడు.